సాయంత్రపు గడిలో సున్నాలు

మిల్లీవోల్టు అంటే వోల్టులో వెయ్యో వంతు. ఇప్పుడు మీరు బొత్తాం నొక్కితే పెట్టె మీద అంకెలు వెలుగుతాయి, రాసుకుంటారు. మా కాలంలో ఆ వెయ్యో వంతును పట్టుకోవడానికి పెట్టె మీద గొడుగు పట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ముల్లు ఎప్పుడు కుదురుతుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. దేన్నీ నమ్మకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. పెట్టెకు తీగ బిగించే మర మీద వేలు పెడితే ఆ వేలి వెచ్చదనానికే ముల్లు కదులుతుంది. తీగ తడి గడ్డి మీద పడితే కదులుతుంది. అందుకని వేలిని, గడ్డిని, ఎండను, అన్నిటినీ అనుమానించడం నేర్పారు. నేను బాగానే నేర్చుకున్నాను. ఆ అనుమానాన్ని తీసుకుపోయి ఒక మనిషి మీద పెట్టి, అతన్ని పోలీసు స్టేషనుకు పంపించాను. ఉద్యోగంలో నేను చేసిన మంచి పనులు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని ఇంకెవరైనా చెప్పవచ్చు. దీన్ని నేను తప్ప చెప్పేవాళ్ళు లేరు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. రాగి ఎక్కడ దొరుకుతుందో చూడమని పైనుంచి తాఖీదులు. పుత్తూరు నుంచి చిత్తూరు పోయే దారిలో, ఒక కొండ వాలులో, ఏ కాలం వాళ్ళో రాగి రాయి తవ్వుకున్న గుంతలు ఉన్నాయి. వాటి కింద ఇంకా ఏమైనా మిగిలిందేమో కొలిచి చెప్పడానికి మా చిన్న జట్టును పంపారు. నాకప్పటికి ఇరవై ఏడేళ్ళు. నా చేతికి పూర్తిగా అప్పగించిన మొదటి పని అది. పై అధికారి మద్రాసులో ఉండేవాడు, అప్పుడప్పుడూ వచ్చి చూసి పోయేవాడు.

దేశంలో అక్కడక్కడా టెలిగ్రాఫు తీగలు కోసి, రైలు పట్టాలు పీకిన గొడవ ఇంకా చల్లారలేదు. తీగచుట్టలు భుజాన వేసుకుని కొండ మీద తిరిగే మమ్మల్ని ఊరివాళ్ళు వింతగా చూసేవారు. నిధి కోసం వచ్చామని కొందరు, పొలాలు లాక్కుని పటాలానికి ఇస్తామని కొందరు. మేకలు కాచే ముసలామె ఒకతె మా గుర్తు జెండాల కర్రలు పీకి పొయ్యిలో పెట్టుకుంది. మేమూ వాళ్ళను అలాగే చూశాం. గుడారాలు వేసిన రెండో రోజే సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చి, మీ తీగల జోలికి ఎవడైనా వస్తే నాకొక చీటీ రాసి పంపు, తక్కింది నేను చూసుకుంటాను అని చెప్పి పోయాడు. ఆ మాటతో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. అలాంటి ధైర్యం కుర్రతనంలో ఎవరికీ అందుబాటులో ఉండకూడదని ఇప్పుడు అనుకుంటున్నాను.

మా పని పద్ధతి చెప్పాలి, లేకపోతే తక్కిన కథ అర్థం కాదు. నేలలో రాగి రాయి సిర ఉన్నచోట దానంతట అదే కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. నేల మీద రెండు చోట్ల మధ్య ఆ తేడాను కొలుస్తూ పోతే సిర ఎక్కడుందో తెలుస్తుంది. కొలవడానికి నేలలో ఇనుప మేకు దిగ్గొడితే లాభం లేదు, మేకే విద్యుత్తు పుట్టిస్తుంది. అందుకని గ్లాసంత మట్టి కుండలు రెండు వాడేవాళ్ళం. వాటి అడుగు నుంచి నీరు సన్నగా చెమరుస్తుంది. లోపల మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళు, అందులో ఒక రాగి కడ్డీ. ఒక కుండ రోజంతా ఒకేచోట ఉంటుంది. రెండోది యాభై అడుగులకొక చోటికి మారుతూ పోతుంది. మారిన ప్రతి చోటా జానెడు గుంట తీసి, ముంతెడు నీళ్ళు పోసి, బురదలో కుండను కుదురుగా నిలపాలి. తీగ కొసన పెట్టె దగ్గర నేను ముల్లు చూసి అంకె చెబుతాను, పక్కన రైటరు రాసుకుంటాడు.

కుండలు రెండూ ఒకలాగే ఉన్నాయా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. అందుకు పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒకసారి, సాయంత్రం ముగించాక ఒకసారి, రెండింటినీ ఒకే తడిగుంటలో పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పుడు తేడా సున్నా రావాలి, మహా అయితే ఒకటో రెండో. ఆ అంకెలకు పుస్తకంలో రెండు గడులు ఉండేవి, పొద్దుటి గడి, సాయంత్రపు గడి.

పొద్దుటి పరీక్ష నేను ఏనాడూ తప్పలేదు. సాయంత్రపుది మొదటి వారం చేశాను. రాత్రంతా ఒకే తొట్టిలో నానిన కుండలు పొద్దున సున్నా చూపించినప్పుడు సాయంత్రం మాత్రం ఏమవుతుందిలే అనిపించింది. కొండ దిగేసరికి ఒళ్ళంతా చెమట, కాళ్ళ నిండా పల్లేరు ముళ్ళు. స్నానం చేసి, కాఫీ తాగుతూ, గుడారంలో కూర్చుని సాయంత్రపు గడి నింపేవాణ్ణి. సున్నా. ఒకటి. సున్నా. రైటరు తిరుపతివాడు, నాలుక పదునుగలవాడు. ఒకరోజు నా భుజం మీదుగా తొంగిచూసి, "ఏమప్పా, ఈ పొద్దూ సున్నానేనా? మన కుండలు కొండకు నడిచిపోయి మొక్కు తీర్చుకోనొచ్చినట్టుండాయే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఒకేచోట ఉండే కుండకు కాపలా ఊరి మనిషి, మునసబుకు దూరపు చుట్టం. మారే కుండను మోసేవాడు పాలెం మనిషి. పాలెం ఊరికి ఎడంగా, వాగు అవతల ఉండేది. క్రైస్తవులు. ఊరబావి గట్టు ఎక్కడానికి వాళ్ళకు వీల్లేదు, వాళ్ళ బావి వాళ్ళకుంది. ఈ మనిషికి నలభై ఏళ్ళుంటాయి. అంతకుముందు బావులు తవ్వే పనికి పోయేవాడు. కుండను నేలలో దించేటప్పుడు పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించేవాడు. ఎప్పుడూ గొంతులో ఏదో కీర్తన సణుగుతుండేవాడు.

పని మొదలైన రోజున నీళ్ళ ఏర్పాటు చేసింది నేనే. ఊరబావి నుంచి ఇత్తడి కడవ నిండా నీళ్ళు తెప్పించేవాణ్ణి. మేము తాగడానికీ, మొదటి కుండ గుంటకూ అవే. పాలెం మనిషి ఆ కడవ తాకకూడదు కదా. నీకు కావలసిన నీళ్ళు నువ్వే తెచ్చుకోమని అతనికొక కిరసనాయిలు డబ్బా ఇప్పించాను. అది చెప్పేటప్పుడు నాకు తప్పు చేస్తున్నానని గానీ, అసలు ఏదైనా చేస్తున్నానని గానీ అనిపించలేదు. మా ఇంట్లో, మా ఊళ్ళో పుట్టినప్పటి నుంచీ చూసింది అదే. పొద్దు తూర్పున పొడుస్తుందన్నట్టుగా చెప్పాను.

మూడో వారం నుంచి కొలతలు చెడ్డాయి. నిన్న కొలిచిన వరుసనే ఇవాళ కొలిస్తే పోలిక లేదు. ఒకచోట ఎనిమిది ఎక్కువ, ఇంకోచోట ఇరవై తక్కువ. పైగా ముల్లు కుదురుగా నిలవదు, చూస్తుండగానే మెల్లగా పాకుతుంది. మేము వెతికే సిర సన్ననిది. దాని గుర్తే ముప్పై మిల్లీవోల్టులు దాటదు. ఇరవై తప్పు ఉన్నచోట ముప్పై నిజాన్ని ఎలా పట్టుకునేది? తీగను నేలకు తగలకుండా పంగలకర్రల మీద వేయించాను. మరలకు దూది చుట్టించాను. కుండ మీద తాటాకు గొడుగు పెట్టించాను. కొంచెం మేలైంది గానీ రోగం పోలేదు. మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఒకే వరుస మూడుసార్లు కొలిచి అయిదు మిల్లీవోల్టుల లోపు కలిస్తే సరి, లేకపోతే గుడారాలు ఎత్తేయమని. నా మొదటి పని అలా ముగియబోతోంది.

వస్తువులన్నీ అయ్యాక అనుమానం మనుషుల మీదికి మళ్ళింది. దానికి రైటరు కూడా కొంత ఎగదోశాడు. పాలెం మనిషి అన్న కొడుకు తీగలు కోసిన గుంపుతో తిరిగాడంట అని ఎవరో అన్నారంట. ఆ 'అంట'లు రెండూ నాకు ఆ రోజు వినబడలేదు. నేల మట్టం చూసే సామానులోని దుర్భిణి తీసుకుని, బందారు పొదల వెనక కూర్చుని, కొలత మధ్యలో అతన్ని చూశాను. గుంట తీశాడు, నీళ్ళు పోశాడు, కుండ దించాడు. తర్వాత అటూ ఇటూ చూసి, వేలితో ఆ తడిమట్టిని తీసి నాలుకకు రాసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకోచోటా అంతే. ఏదో కలుపుతున్నాడు, కలిపింది సరిపోయిందో లేదో చూసుకుంటున్నాడు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అతను తానుగా నా దగ్గరికి వచ్చాడు. పెట్టెకు పది అడుగుల దూరంలో నిలబడి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సామీ, ఒక మాట. నా డబ్బాలో నీళ్ళు సవుడు. ఈ నడుమ మా బాయిలో నీళ్ళు అడుగంటినాక ఇట్టయినాయి. మొన్న వాన పడినాక దొనలో నీళ్ళు పట్టుకోని పోసినాను. ఆ పొద్దు మీరు నన్ను ఒక్క మాట అన్లేదు. సూసినారా?"

సవుడంటే ఉప్పదనం, దొన అంటే కొండరాతి మీద వాననీళ్ళు నిలిచే గుంట. అతను చెప్పింది విన్నాను. కానీ నా చెవిలో పడింది వేరు. వీడికి ఊరబావి నీళ్ళు కావాల్సి వచ్చింది, సర్కారు పని అడ్డం పెట్టుకుని గట్టు ఎక్కాలని చూస్తున్నాడు అనుకున్నాను. "అయితే కడవ నీకియ్యమంటావా?" అన్నాను. "నేనట్ట అన్లేదు సామీ" అని వెళ్ళిపోయాడు. రైటరు కలం చెవికి తగిలించుకుని, "సూస్తివా, ఎట్ట తిప్పినాడో" అన్నాడు.

వానపడ్డ ఆ రోజు పుస్తకంలో ఉంది. తిప్పి చూస్తే ఆ రోజు అంకెలు చక్కగా ఉన్నాయని తెలిసేది. నేను తిప్పలేదు.

దానికి బదులు, చదువుకున్నవాణ్ణి కదా, ఒక ప్రయోగం చేశాను. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ఒకసారికి ఒకటే మార్చాలని మాకు నేర్పారు. మనిషిని మార్చాను. పాలెం మనిషిని జెండాలు నాటే పనికి పంపి, మారే కుండను మునసబు చుట్టానికి ఇచ్చాను. మొదటి కుండ దగ్గర రైటరును కూర్చోబెట్టి, రాత కూడా నేనే చేసుకున్నాను. ఆ రోజు ముల్లు చెప్పినమాట విన్నట్టు వచ్చి నిలబడింది. మర్నాడు అదే వరుస కొలిచాను. మూడు మిల్లీవోల్టుల లోపు కలిసింది. మూడో రోజూ కలిసింది. ఇంకేం కావాలి? సబ్ ఇన్‌స్పెక్టరుకు చీటీ రాశాను. రెండే వాక్యాలు. ఫలానా మనిషి సర్కారు కొలతలను కావాలని చెడగొడుతున్నట్టు పరీక్షలో రుజువైంది, విచారించవలసింది. 'పరీక్షలో రుజువైంది' అన్న మాట కింద గీత కూడా గీశాను.

ఇద్దరు కానిస్టేబుళ్ళు కొండ మీదికే వచ్చారు. అతను జెండా కర్రను నేలలోంచి తీసి, మట్టి దులిపి, పక్కన పడుకోబెట్టి వాళ్ళ వెంట పోయాడు. నా వైపు చూస్తాడేమోనని నేను పెట్టెలోకి తల దూర్చాను.

రెండు రోజులకు అధికారి వచ్చాడు. పొడుగాటి మనిషి, నెల్లూరు వైపువాడు, మాట తక్కువ. మూడు వరుసలు కలిసిన కాగితం చూపించాను. బాగుంది అన్నాడు. ఎలా బాగుపడిందని అడిగాడు. గర్వంగా చెప్పాను. మనిషిని మార్చగానే పోయిందని, ఆ మనిషి స్టేషనులో ఉన్నాడని. ఆయన ముఖంలో ఏమీ కనబడలేదు. ఆ మనిషి పనిచేసిన చోటు చూపించమన్నాడు.

కొండ మీద అతని చివరి గుంట పక్కన, పొద నీడలో, కిరసనాయిలు డబ్బా ఇంకా ఉంది. మూతికి కానుగాకులు కట్టి ఉన్నాయి. సగం నీళ్ళున్నాయి. అధికారి వంగి, ఆకులు తీసి, దోసిట్లో పోసుకుని నోట్లో వేసుకున్నాడు. ఆయన బ్రాహ్మడు. మునసబు చుట్టం ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన ఉమ్మేసి, మూతి తుడుచుకుని, కడవ తెమ్మన్నాడు. అందులోవీ కొంచెం తాగాడు. తర్వాత తనే కూర్చుని మూడడుగుల ఎడంలో రెండు గుంటలు తీశాడు. ఒకదాంట్లో డబ్బా నీళ్ళు, ఒకదాంట్లో కడవ నీళ్ళు. రెండు కుండలూ దించి, పెట్టె దగ్గరికి నన్ను పొమ్మన్నాడు.

ముల్లు పన్నెండు దగ్గర మొదలై, మెల్లగా పాకుతూ పంతొమ్మిదికి పోయింది. మూడడుగుల నేలలో ఏ సిరా లేదు.

"ఎంత?" అన్నాడు.

చెప్పాను.

"మనిషిని మార్చారు. నీళ్ళు మార్చారా?"

మనిషితోపాటే నీళ్ళూ మారాయి, మునసబు చుట్టం పోసింది కడవ నీళ్ళు. ఒకటి మార్చానని నేననుకున్నప్పుడు రెండు మారాయి. ఆ రెండోదాన్ని నేను చూడలేకపోయింది అది దాక్కుని ఉన్నందువల్ల కాదు. రోజూ పొద్దున నా కళ్ళముందే ఆ కడవా ఈ డబ్బా కొండ ఎక్కేవి. అవి విడివిడిగా ఉండడం నాకు లోకసహజం, అంతే. ఉప్పు నీళ్ళు కుండ అడుగులోంచి లోపలికి ఊరి కొలతను మార్చేశాయి. పాలెం మనిషి మట్టి నాలుకకు రాసుకుని కనిపెట్టింది అదే. బావులు తవ్వినవాడికి మట్టి రుచి తెలుసు.

అరగంట ఆగి ఆయన కుండలు రెండింటినీ ఒకే గుంటలో పెట్టించాడు. అప్పుడూ ఏడు మిల్లీవోల్టుల తేడా ఉంది, కుండలోకి ఊరిన ఉప్పు అంత తొందరగా పోదు. అంటే కొలతలు చెడ్డాక ఏ సాయంత్రం నేను నిజంగా పరీక్ష చేసినా ఆ తేడా కనబడేది. ఆయన పుస్తకం తెప్పించుకుని సాయంత్రపు గడి మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పోయాడు. సున్నా, ఒకటి, సున్నా, సున్నా. "ఇంత మంచి కుండలు నేనింతవరకూ చూడలేదు" అన్నాడు. రైటరు కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వెళ్ళేముందు, ఈ సంగతి స్టేషనులో ఎవరు చెబుతారని అడిగాడు. నేను చెబుతానన్నాను. సరే, చెప్పండి, డిపార్టుమెంటు పేరు మాత్రం ఎక్కువ పైకి రానివ్వకండి అని బండి ఎక్కాడు. ఆయనా ఉద్యోగస్తుడే.

మర్నాడు స్టేషనుకు పోయాను. సబ్ ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఏమయ్యా, కాగితమిచ్చి పట్టించి, నోటిమాటతో విడిపిస్తావా? కాగితం తే" అన్నాడు. గుడారానికి వచ్చి కాగితం ముందు కూర్చున్నాను. ఏమని రాయాలి? నీళ్ళు వేరుగా పెట్టించింది నేను. సాయంత్రం పరీక్ష చేయకుండా అంకెలు వేసింది నేను. అది రాస్తే పైకి పోతుంది, నా ఉద్యోగం పోతుంది. ఎల్లుండి రాద్దామనుకున్నాను. రుజువేమీ లేదు, వాళ్ళే వదిలేస్తార్లే, ఊరికే గెలుక్కోవద్దని రైటరు అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు పట్టుకున్నాను. పదకొండు రోజులకు వదిలేశారు. వినగానే నాకు మనసు తేలికపడింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. అతను మళ్ళీ పనికి రాలేదు. నేను పిలవనూ లేదు. ఆ కొండ కింద తవ్వదగినంత రాగి ఏమీ లేదని తేల్చి, గుడారాలు ఎత్తి, గూడూరు వైపు పనికి పోయాం.

నాలుగు నెలల తర్వాత ఆ ఊరి మునసబు చుట్టం గూడూరు సంతలో కనిపించాడు. మాటల్లో చెప్పాడు. పాలెం మనిషి పేరు కేడీల పుస్తకంలో ఎక్కిందట. ప్రతి ఆదివారం ఏడు మైళ్ళు నడిచి స్టేషనులో వేలిముద్ర వేసి రావాలి. ఆదివారం వాళ్ళకు గుడి. చుట్టుపక్కల ఎక్కడ కోడి పోయినా ముందు అతన్నే పిలుస్తారు. బావి పనికి ఎవరూ పిలవడం లేదు, కేడీని దింపుకుంటే తమ పేరూ పుస్తకంలోకి ఎక్కుతుందని భయం.

ఆ వారమే సెలవు పెట్టి, ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసుకుని, పుత్తూరులో రైలు దిగాను. శనివారం పొద్దున పాలెం చేరాను. అతను ఇంటి ముందు చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. లేచి నిలబడ్డాడు, కూర్చోమనలేదు. వచ్చిన పని చెప్పి ఉత్తరం చాచాను. తీసుకోలేదు.

"మీ చేతి కాగితం ఒకటి సూసినాను సామీ. దీంట్లో ఏముండాదో నాకేం తెలుసు?"

చదివి వినిపిస్తానన్నాను. మీరొద్దు అన్నాడు. మిషన్ బడి పంతులమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. అరవై ఏళ్ళ మనిషి, ముక్కు కొసన కళ్ళజోడు. ఆమె బడి అరుగు మీద కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చి చదివింది. ఫలానా మనిషి గురించి ఇదివరకు పంపిన చీటీ విషయమై, తదుపరి పరిశీలనలో, కొలతలలోని తేడాలకు నీటిలోని లవణమే కారణమని తేలినందున, అతని మీద అనుమానం నిలవదని మనవి. అది ముగించి ఆమె నన్ను కళ్ళజోడు పైనుంచి చూసింది. "అయితే తప్పు నీళ్ళదన్నమాట. ఇన్నాళ్ళూ బాయిని పిలిపించుకోని ఏలిముద్ర ఏయించుకోవాల్సింది" అంది.

అతను నవ్వలేదు. కాగితం మీదికి వంగి చూశాడు. చదవడం రాదు, అయినా చూశాడు.

"దీంట్లో నా పేరుండాది. మా బాయి నీళ్ళుండాయి. మీ పేరు యాడుండాది సామీ?"

అడుగున సంతకం ఉందని చూపించాను.

"అడుగున కాదు. లోపల."

నేను ఆ ఉత్తరం మూడు రాత్రులు రాశాను. ఎక్కడా 'నేను' అన్న మాట పడకుండా అంత చక్కగా ఎలా కుదిరిందో అప్పుడే చూశాను. ఉద్యోగంలో మాకు నేర్పే రాత అదే. తేలినది, గమనించబడినది, రుజువైనది. చేసినవాడు ఎక్కడా ఉండడు. మొదటి చీటీ కూడా అలాగే రాశాను.

పంతులమ్మ బడిలోంచి కాగితం, సిరాబుడ్డి తెచ్చి అరుగు మీద పెట్టింది. ఈసారి తెలుగులోనే రాశాను, ఇంకెవరూ తర్జుమా చేయనక్కరలేకుండా. కుండకు పోసే నీళ్ళు వేరువేరుగా ఉండాలని నేను చెప్పాను. ఈ మనిషి తన నీళ్ళు ఉప్పువని నాతో చెప్పాడు, నేను వినలేదు. సాయంత్రం చేయవలసిన పరీక్ష నేను చేయకుండా చేసినట్టు అంకెలు వేశాను. చేసి ఉంటే ఇతని తప్పు లేదని ఆ రోజే తెలిసేది. నేను ఇచ్చిన చీటీ తప్పు. అయిదు వాక్యాలు రాయడానికి మధ్యాహ్నమైంది. పంతులమ్మ బిగ్గరగా చదివింది. అతను ఇంకోసారి చదవమన్నాడు. 'నేను వినలేదు' అన్న దగ్గర చెయ్యెత్తి ఆపి, ఆ ముక్క మళ్ళీ చదివించుకున్నాడు.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. పేరు కొట్టేశారు, వెంటనే కాదు గానీ కొట్టేశారు. ఉత్తరం నకలు మద్రాసుకు పోయింది. నన్ను కొలతల పని నుంచి తీసి స్టోరు గదిలో వేశారు. మళ్ళీ పెట్టె ముందు కూర్చోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. కూర్చున్నాక ఏ సాయంత్రమూ పరీక్ష తప్పలేదు. దానికి నన్ను మెచ్చుకోనక్కరలేదు, భయంతో చేశాను. ఇప్పుడు మీరు వాడే పెట్టెల్లో ఆ పరీక్ష దానంతట అదే జరిగిపోతుందని విన్నాను. జరగనివ్వండి. కానీ మీ జట్టులో ఎవరి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో పెట్టె చెప్పదు, మీరే చూసుకోవాలి.

ఆ శనివారం మధ్యాహ్నం ఉత్తరం మడిచి, దీన్ని స్టేషనులో నేనే ఇచ్చి వస్తాను, నువ్వు ఇంట్లో ఉండు అన్నాను. అతను చెయ్యి చాచి కాగితం తీసుకుని చొక్కా లోపల పెట్టుకున్నాడు. "నేనూ వస్తాను" అన్నాడు. ఏడు మైళ్ళూ ఇద్దరం నడిచాం. ఎండగా ఉంది. వాగు దాటేటప్పుడు తడుస్తుందేమో, నాకియ్యి అన్నాను. ఇవ్వలేదు. స్టేషను మెట్ల దగ్గర, ఇచ్చేది నేనే కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. సబ్ ఇన్‌స్పెక్టరు తలెత్తి ఏమిటన్నప్పుడు మాత్రం, చొక్కాలోంచి తీసి, బల్ల మీద పరిచి, మడతలు అరచేత్తో సాపు చేసి, నన్ను ముందుకు రమ్మన్నాడు. నేను చదవడం ముగించేదాకా ఆ కాగితం కొసన అతని వేలు అలాగే ఉంది.